కుదుపు

రెండు మరలు విప్పితే
నీ పైకప్పు నా అరచేతిలోకి వచ్చేసింది.
లోపల ఎవరో, ఎప్పుడో, వంటనూనె పోశారు.
అది తుమ్మజిగురై గట్టిపడింది.
పుల్లతో గీకుతుంటే
చల్లారిన మూకుడు వాసన.

ఏక్కెహార్డ్ క్రాల్ గారు నిన్ను
ఒంటి ఉన్ని మేజోడులో చుట్టి, బూట్ల పెట్టెలో పెట్టి
గ్లౌఖావ్ మంచులో నడిచి తెచ్చారు.
"మా తమ్ముడు ఫోల్క్‌మార్‌ది" అన్నారు.
"దీనికి కొత్త విద్య నేర్పండి" అన్నారు.
టీ వద్దని వెళ్ళిపోయారు.

నీకు తెలిసిన భాష ఎంతని!
కరెంటు ఎక్కువైతే ఉరుకు, తగ్గితే నిలు,
తీగలు తారుమారైతే వెనక్కి.
పట్టా మీద ఎన్ని ఇంజన్లున్నా
ఒక్క గుబ్బ తిప్పితే అన్నీ కదలాల్సిందే.
ఒకదాన్ని ఆపాలంటే అందరినీ ఆపాలి.
నాకు ఆ పద్ధతి కొత్తేం కాదులే,
నేనూ ఆ కాలపు పిల్లనే.

ఇప్పుడు నీకు చింతపిక్కంత చిప్పు.
ఎరుపూ నలుపూ పట్టాల నుంచి,
నారింజా బూడిదా మోటారుకి,
తెలుపు ముందు దీపానికి.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఆరేళ్ళు
ఊళ్ళను ఊళ్ళతో కలిపిన చేతులివి,
టంకం కరిగే లోపు
ఇప్పుడు ఊపిరి బిగబట్టాలి, అంతే తేడా.

చిక్కు తీగలతో కాదు.
నీ ఒళ్ళంతా ఇనుము, ఒళ్ళంతా కరెంటు.
మోటారు ఒక కాలు నీ ఎముకల్లోనే పాతుకుంది.
అది విడదీయకుండా చిప్పు పెడితే
మొదటి మాటకే పొగ.
ఒకటి అలా పోగొట్టుకున్నాను, ఇరవై తొమ్మిది యూరోలు.

విడదీస్తుంటే దొరికింది:
ఒక పక్క ఫ్యాక్టరీ బ్రష్షు,
రెండో పక్క, అరిగిన బ్యాటరీలోంచి తీసి
ఆకురాయితో అరగదీసిన బొగ్గు ముక్క.
నలుచదరం కాదు, గుండ్రం కాదు,
ఒక కుర్రవాడి ఓపిక ఎంతవరకు ఉంటే అంతవరకు.
అది కరెంటును దొంగలా తాగుతోంది.
తీసి అగ్గిపెట్టెలో వేశాను.
కొత్తది పెట్టాను.

జానెడు పట్టా ముక్క మీద నిలబెట్టి
"నీ పేరేమిటి?" అని అడిగాను.
జవాబుకి నీకున్నది ఒకటే మాట,
ఒళ్ళు చిన్నగా కుదపడం.
అదీ లేదు. ఉలుకూ పలుకూ లేదు.
రాత్రి పదకొండుకు కనిపించింది:
ఒక మర కొన, వెంట్రుకవాసి, ఎముకకు తగులుతోంది.
మేనకోడలు మరిచిపోయిన గోళ్ళరంగు ఒక్క చుక్క వేసి
ఆరేదాకా ఊదాను.
మళ్ళీ అడిగాను.

కుదుపు.

"మూడు" అన్నావు.
కొట్టు నుంచి వచ్చిన ప్రతి చిప్పూ
తన పేరు మూడనే అంటుంది.
చెరిపి నలభై ఒకటి అని రాశాను.
కుదుపు.

శనివారం క్రాల్ గారు వచ్చారు.
నత్త సిగ్గుపడేలా నడిపించాను నిన్ను,
స్లీపరు స్లీపరూ లెక్కపెట్టుకుంటూ,
దీపం రెపరెపలాడకుండా.
గర్వంగా ఆయన మొహంలోకి చూశాను.

"ఇది వాడిది కాదండీ.
వాడిది ముందు మొండికేసేది.
గుబ్బ సగం తిప్పినా కదిలేది కాదు.
తర్వాత ఒక్కసారి దూకేది,
దాంతోపాటు వాడూ కుర్చీలోంచి లేచేవాడు."

అగ్గిపెట్టె తెరిచి ముందు పెట్టాను.
ఆయన ముట్టుకోలేదు.
కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చూశారు.

ఆ బొగ్గు తిరిగి పెడితే చిప్పు కాలుతుంది.
అందుకని అంకెల్లో రాశాను.
మెల్లగా పుంజుకోవడం: సున్నా. కుదుపు.
వేగం పట్టికలో మొదటి తొమ్మిది గళ్ళూ ఖాళీ. కుదుపు.
పదో గడిలో, ఏ పుస్తకమూ ఒప్పుకోని అంకె.
కాస్త ఆగి, కుదుపు.

"మీరే తిప్పండి" అన్నాను.
తిప్పారు. ఏమీ లేదు.
ఇంకా తిప్పారు. ఏమీ లేదు.
ఆయన కుర్చీ అంచుకి జరిగారు.